పెద్దమ్మ రొండిన పసుపు ట్యూబులు

పెద్దమ్మ పోయిందని మొన్న మంగళవారం పొద్దున ఆమె చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. "అక్కా, పెద్దమ్మ నిద్రలనే పోయింది. ఇయ్యాల్నే తీస్తరట, జర జల్ది రా" అంది. సరేనని పెట్టేశాను. రెండు నిమిషాలు ఊరికే కూర్చుని, మళ్ళీ ఆ పిల్లకే ఫోన్ చేశాను. "నిజంగానేనా? ఎవరు చూశారు? డాక్టరు చెయ్యి పట్టుకుని చూశాడా?" అని అడిగాను. అడుగుతుంటే నాకే సిగ్గేసింది. ఆ పిల్ల ఏడుపులోనే ఫక్కున నవ్వింది. "ఈ మాట పెద్దమ్మ ఇనాలె అక్కా. నిన్ను గిట్ల చేసింది ఆమెనే" అంది.

నిజమే. దేన్నయినా రెండోసారి చూడందే నమ్మని జబ్బు నాకు అంటించింది ఆమే. మీలో చాలామందికి ఆమె ఎవరో తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. ఆమె పేరు ఏ కాగితం మీదా పడలేదు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆమె నాకు చుట్టం కాదు. గచ్చిబౌలిలో ఒక చిన్న ల్యాబులో అటెండర్. ఊరు గోపన్‌పల్లి. చదువు ఐదో తరగతి. అందరికీ పెద్దమ్మే, మా మేడానికి కూడా. మేడం ఆడవాళ్ళ డాక్టరు. పొద్దున ఆసుపత్రిలో రోగుల్ని చూసి మధ్యాహ్నం ల్యాబుకు వచ్చేది. నేను తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చి ఆ ల్యాబులో చేరాను. అప్పటికి తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీద ఉంది. నేను నోరు తెరిచి "ఏవండీ" అంటే చాలు, టీ కొట్టు దగ్గర కూడా నలుగురు తలతిప్పి చూసేవారు.

పెద్దమ్మ చూడటం మాత్రం వేరుగా ఉండేది. మొదటి రోజే నన్ను మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టి, "ఏం కనవడ్తుంది?" అంది. చుక్క నీళ్ళలో చిన్న చిన్న ప్రాణులు. "కదులుతున్నాయండీ" అన్నాను.

"అవి కదుల్తున్నయా, నీళ్ళు కదుల్తున్నయా?"

"అవేనండీ" అన్నాను. "మల్ల జూడు" అంది. మూడుసార్లు చూపించింది. గాజుపలక మీద నీటిచుక్క పారుతుంటే అందులోని చచ్చిన పురుగు కూడా ఈదుతున్నట్టే కనబడుతుంది. బతికినదైతే నీటికి ఎదురు తిరుగుతుంది, వణుకుతుంది, తోక ఆడిస్తుంది. ఎమ్మెస్సీలో నాకెవరూ చెప్పని సంగతి ఇది. చెప్పినందుకు కృతజ్ఞత కలగాలి కదా, నాకు ఒళ్ళు మండింది. అటెండరు నాకు పరీక్ష పెట్టడమేమిటి, ఆంధ్రా దాన్ననే కదా అనుకున్నాను.

పోనుపోను తెలిసింది, ఆమె అందరికీ అలాగే పెడుతుందని. తను కాచిన పాలను తనే వాసన చూసేది. వేసిన తాళాన్ని నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చి లాగి చూసేది. దారి తెలిసి కూడా ఆటోవాణ్ణి దారి అడిగేది, వాడు నిజం చెబుతాడో లేదో చూద్దామని. గోపన్‌పల్లి దీక్షా శిబిరంలో రోజూ మధ్యాహ్నం కూర్చునేది, జై తెలంగాణ అని గొంతు చించుకుని అరిచేది, తిరిగొచ్చి చేతులు కడుక్కుంటూ ఆ రోజు మాట్లాడిన నాయకుడి గురించి, "ఆయన కదుల్తున్నడా, నీళ్ళు కదుల్తున్నయా, ఎవనికెర్క" అనేది. అనుమానం పెనుభూతం అంటారు కదా పెద్దమ్మా అని ఒకసారి ఎత్తిపొడిచాను. "భూతమే బిడ్డా. గానీ కావలి కాసే భూతం" అంది.

ఇంతకీ ఆ ల్యాబులో మేం చూసేది ఆడవాళ్ళ యోనిలో చేరే ఒక పరాన్నజీవిని. కంటికి కనబడదు. దురద, మంట, వాసన, పసుపుపచ్చ నీరు. భార్యాభర్తల కలయికలో ఒకరినుంచి ఒకరికి అంటుతుంది. పెద్దమ్మ దాన్ని తోకపురుగు అనేది. మామూలుగా ఒక మందుకు తగ్గిపోతుంది. కొందరిలో మాత్రం ఆ పురుగు ఎంతకీ లొంగదు. అలాంటి మొండివాటికి మేడం ఒక పాత మలేరియా మందును ప్రయత్నిస్తోంది. పూర్వం మలేరియాకు తెగ వాడి, మంచి మందులు వచ్చాక మూలన పడేసిన పసుపుపచ్చ పొడి. నీళ్ళలో కలిపితే ట్యూబంతా పసుపు రంగు. ఆ పొడి సీసా వచ్చిన రోజున పెద్దమ్మ దాన్ని దూరం నుంచే చూసి, "ఇదెందుకు తెచ్చిన్రు?" అని గదిలోంచి బయటికి వెళ్ళిపోయింది. పనికి బద్ధకం అనుకున్నాను.

ఆ మొండి పురుగు మాకు ఒక అమ్మాయి నుంచి వచ్చింది. అనంతపురం వైపు పిల్ల, మణికొండలో కాపురం, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆఫీసు బస్సు దిగి, మెడలో కార్డు తీసి బ్యాగులో దాచుకుని, అటూ ఇటూ చూసి మా మెట్లెక్కేది. మొగుడు ప్లాట్ల వ్యాపారం. ఇద్దరికీ మందు ఇచ్చారు. అతనికి ఏ బాధా లేదు, ఆమెకు తగ్గలేదు. మళ్ళీ ఇచ్చారు, మళ్ళీ వచ్చింది. మొగుడు ఇంటర్నెట్టులో వెతికి ఇది ఎలా అంటుతుందో చదువుకున్నాడు. ఇంకేం! నాకు లేనిది నీకెక్కడినుంచి వచ్చిందని మొదలుపెట్టాడు. పురుగు మొండిదని మేడం పిలిచి చెప్పినా వినలేదు. ఆమె ఫోను చూసేవాడు, ఆఫీసు బస్సు దిగే టైము రాసుకునేవాడు. చివరికి, ఈసారి కొత్త మందు వాడాక కూడా మళ్ళీ వస్తే నీ సంగతి తేలిపోయినట్టే, మీ నాన్నను పిలిపించి పంపించేస్తానన్నాడు.

"ఈసారి తగ్గుతుందా అక్కా?" అని ఆ పిల్ల నన్ను అడిగేది. నేను ఏం చెప్పగలను? పసుపు మందును ఎంత మోతాదులో ఇవ్వాలో నా ట్యూబులు తేల్చాలి. తక్కువ ఇస్తే పురుగు చావదు, మళ్ళీ వస్తుంది, ఆ పిల్ల కాపురం కూలుతుంది. ఎక్కువ ఇస్తే ఒంటికి చేటు. ఆసుపత్రి కమిటీ అనుమతి కోసం మేడం కాగితాలు సిద్ధం చేసుకుని నా లెక్క కోసం చూస్తోంది.

ట్యూబులు పెట్టాను. మందు లేని ఉత్త ట్యూబులు కొన్ని, లేత పసుపు నుంచి చిక్కటి పసుపు దాకా మందు కలిపినవి కొన్ని. అన్నిట్లోనూ ఆ అమ్మాయి పురుగులే. అన్నిటినీ ఇంక్యుబేటర్‌లో పెట్టాను. ఇంక్యుబేటర్ అంటే మనిషి ఒంటి వేడిని నిలిపి ఉంచే పెట్టె. పెద్దమ్మ భాషలో గరం డబ్బా. ఆ మర్నాటి నుంచి రెండు రోజులు బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు. మణికొండలో నా గదిలో ఇరుక్కుపోయాను. మూడో రోజు పరుగున వెళ్ళి చూశాను కదా, ఉత్త ట్యూబుల్లో పురుగులు చేపపిల్లల్లా ఈదుతున్నాయి. పసుపు ట్యూబుల్లో ఒక్కటీ కదలడం లేదు. అన్నిటికంటే లేత పసుపుదాంట్లో కూడా! ఇంత కొంచెం మందు చాలన్నమాట. నేను గంతులేశాను. మేడం నా వీపు తట్టి, ఆ అమ్మాయికి ఫోన్ చేసి, "చిన్న మోతాదే సరిపోతుందమ్మా, సోమవారం నాటికి అనుమతి వచ్చేస్తుంది" అని చెప్పేసింది. పెద్దమ్మ అప్పుడు శిబిరంలో ఉంది.

సాయంత్రం ట్యూబులు సర్దుతుంటే కనబడింది. ఉత్త ట్యూబుల చీటీల మీద తెల్లటి మరకలు. గోరుతో గీకాను. సున్నం! ల్యాబులో తమలపాకు వేసే మనిషి ఒక్కరే. పసుపు ట్యూబుల మీద ఒక్క మరకా లేదు.

నా మనసు ఎంత దూరం పరుగెత్తిందో చెబితే మీరు నన్ను చీదరించుకుంటారు. చెబుతాను. నా రూమ్మేట్ అప్పటికే నూరిపోస్తోంది, "జెండా పట్టుకుని తిరిగే మనిషి, మీ ల్యాబు తాళాలు ఆవిడ చేతిలో! ఓ కన్నేసి ఉంచవే తల్లీ" అని. చెడగొట్టిందా? మార్చిందా? ఆంధ్రా పిల్లకు పేరు రాకూడదనా? రాత్రంతా పళ్ళు నూరుకున్నాను. తెల్లారి ఆమె బుట్ట కింద పెట్టకముందే అడిగేశాను.

"పెద్దమ్మా, ఈ ట్యూబుల మీద సున్నం ఎలా వచ్చింది?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె చెయ్యి నడుం మీదికి పోయింది. రొండిన ఆమెకెప్పుడూ ఒక గుడ్డ సంచి ఉండేది, ఆకు, వక్క, సున్నం డబ్బీతో. తలుపు దగ్గరికి వేసి వచ్చి, "కరెంటు పోయింది గద బిడ్డా. నీకెర్క లేదా?" అంది.

"ఎప్పుడు?"

"బంద్ నాడు పొద్దుగాల. ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. లైన్‌మన్లు సమ్మెల ఉన్నరు, ఎవరొస్తరు? నేను నడుసుకుంట వచ్చి జూస్తే గరం డబ్బా సల్లగయింది. పురుగులు ముడుసుకున్నయి. ఫ్లాస్కుల వేడినీళ్ళు పోసి వెడ్దామనుకున్న, అంతకుముందు గట్లనే ఒకపారి ఉడికిచ్చి సంపినం గద. ఇగ ఏం జేస్త? సీసాలకు పత్తి సుట్టి, సంచిల వేసి, బొడ్లె చెక్కుకున్న. రెండు దినాలు, రెండు రాత్రులు. పక్క మీద ఒత్తిగిల్లలే, తెలుసా? కరెంటొచ్చినంక మల్ల తెచ్చి వెట్టిన."

ల్యాబు దాటి ట్యూబు బయటికి పోకూడదు. ఇప్పుడెవరైనా అలా చేస్తే నేనే పనిలోంచి తీసేస్తాను. కానీ ఆమె ఒంటి వేడితో ఆ పురుగుల్ని బతికించింది.

"మరి పసుపు ట్యూబులు?" అన్నాను మెల్లగా.

"అవిటిని ముట్టలే."

అర్థమైంది. ఉత్త ట్యూబులు ఆమె నడుం దగ్గర వెచ్చగా ఉన్నాయి. పసుపు ట్యూబులు రెండు రోజులు చల్లటి పెట్టెలో పడి ఉన్నాయి. వాటిలో పురుగుల్ని చంపింది మందా, చలా? నా లెక్క గంగలో కలిసింది.

"ఎందుకు ముట్టలేదు పెద్దమ్మా? అవీ ఇవీ కలిసి ఉండాలి కదా! ఎందుకిలా చేశావు?" అని అరిచాను. నాకు ఏడుపొచ్చేసింది.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "నా కడుపు దగ్గర వెట్టుకోలే బిడ్డా. మనసు రాలే" అంది. తర్వాత తనే చెప్పింది. "పెండ్లయిన రెండేండ్లకు తెల్లబట్ట అయితుందని దవాఖానకు వోయిన. ఒక ప్రైవేటు డాక్టరమ్మ, మంచిగనే మాట్లాడింది. లోపల గోళీలు వెడ్త, తగ్గుతది అన్నది. పసుపు గోళీలు. ఇగో, గీ రంగే. బట్టలకంటిన మరక ఎంత ఉతికినా పోలే. ఆ తర్వాత కడుపు రాలే. గా గోళీలతోనో, నా నసీబుతోనో, ఎవరు జెప్తరు? శాన ఏండ్లకు ఇదే ల్యాబుల పాత మేడం జెప్పింది, పిల్లలు గాకుండ గర్భసంచిల గా మలేరియా మందు వెట్టేటోళ్ళట, శానమందికి చెప్పకుండనే వెట్టిన్రట, ఆకర్కి సర్కారు బంద్ వెట్టిందట. అప్పటిసంది ఎవలేం జెప్పినా రెండుపార్లు అడుగుత."

పదేపదే తాళం లాగే చెయ్యి, పాలు వాసన చూసే ముక్కు, అన్నీ ఆ గోళీల దగ్గర మొదలయ్యాయని నాకు అప్పుడు తెలిసింది. రాత్రంతా ఆమెను దొంగను చేసి తిట్టుకున్నానే, ఛీ, నా బతుకు అనిపించింది.

ఇక్కడ ఇంకో నిజం ఒప్పుకోవాలి. మేడానికి చెప్పకుండా ఊరుకుందామా అనే ఆలోచన నాకు వచ్చింది. మందు పనిచేసే ఉంటుందిలే, ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. పైకి మాత్రం, "చెబితే నీ ఉద్యోగం పోతుంది పెద్దమ్మా" అన్నాను.

"నా నౌకరి ఫికర్ నువ్వు జేయకు. కొంచెం మందిచ్చి గా పురుగు సావకపోతే ఆ పిల్ల సంసారం ఎవరు జూస్తరు? ఎల్లగొట్టినంక పురుగు తప్పని చెప్పనీకి పోతవా నువ్వు? చల్, లే. నువ్వు జెప్తవా, నన్ను జెప్పమంటవా?"

ఇద్దరం వెళ్ళి చెప్పాం. మేడం మొదట ఆమె మీద, తర్వాత నా మీద, తర్వాత కరెంటు వాళ్ళ మీద అరిచింది. అరిచి అరిచి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అప్పుడు పెద్దమ్మ ఒక్కటే అడిగింది. "అంతా జెప్పిన మేడం, నా కత గూడ. గీ మందు కత ఆ పిల్లకు జెప్పిన్రా మీరు?"

మేడం చెప్పలేదు. పాత మలేరియా మందు అని మాత్రమే చెప్పింది. ఆ రోజు ఆ అమ్మాయిని పిలిపించి, మళ్ళీ మొదటినుంచి చెప్పింది. ఈ మందును గతంలో దేనికి వాడారో, ఇప్పుడు లోపల పెట్టేది కాదు నోటితో మింగేదని, ఏ చేటు రావచ్చో, ఏది తమకే తెలియదో, అన్నీ. పెద్దమ్మ గోడకు ఆనుకుని వింది. ఆ పిల్ల మేడాన్ని కాదు, పెద్దమ్మనే అడిగింది, "నువ్వైతే ఏం చేస్తావు పెద్దమ్మా?" అని.

"నన్నెవరు అడగలే బిడ్డా. నిన్ను అడుగుతున్నరు. ఆలోచన జేస్కో. ఇయ్యాల్నే చెప్పాలని లేదు" అంది పెద్దమ్మ.

ఆ పిల్ల సంగతి చెప్పేస్తాను, మీరు పరేషాన్ కావద్దు. రెండు రోజులు ఆలోచించుకుని సరేనంది. ట్యూబులు మళ్ళీ పెట్టాం. లేత పసుపులో పురుగులు నిక్షేపంగా ఈదాయి! చిక్కటి పసుపులో చచ్చాయి. ముందనుకున్న మోతాదు ఇచ్చి ఉంటే ఆ పిల్లకు మళ్ళీ వచ్చేది. కమిటీ అనుమతితో, పెద్ద మోతాదులో, వారం వారం పరీక్షలు చేస్తూ ఇచ్చారు. ఆ మందుకు ఒళ్ళు పసుపెక్కుతుంది. ఆ అమ్మాయి అరచేతులు చూసి ఆఫీసులో కామెర్లా అని అడిగారట. నెల తిరిగాక ఆమె స్లైడు మేడం చూసింది, నేను చూశాను, పెద్దమ్మ మూడుసార్లు చూసింది. ఏమీ లేదు. ఒక్కరికి తగ్గినంత మాత్రాన అది మందు అనిపించుకోదు అంది మేడం, ఎక్కడా డప్పు కొట్టలేదు. మొగుడి అనుమానం తగ్గిందా అంటే, అది ఏ మందుకూ లొంగేది కాదు. కొన్నాళ్ళకు ఆ పిల్లే తన సామాన్లు సర్దుకుని బయటికి వచ్చేసింది, ఎవరూ పంపకుండానే. "పంపిస్తే పోవుడు వేరు, తనంతట తాను పోవుడు వేరు" అంది పెద్దమ్మ.

మంగళవారం నేను గోపన్‌పల్లి చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. చుట్టూ అపార్టుమెంట్లు, మధ్యలో ఆ రెండు గదుల ఇల్లు. చెల్లెలి కూతురు ఆకువక్కల సంచి తెచ్చి ఆమె నడుం దగ్గర దోపింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఎవరో పక్కావిడ, "ఏమైతవమ్మా ఆమెకు?" అని అనుమానంగా అడిగింది. ఏమని చెప్పను? ఆ సంచిని చూస్తుంటే నాకు ట్యూబులు రెండోసారి పెట్టిన రోజు కళ్ళకు కట్టింది.

ఆ రోజు కూడా మధ్యాహ్నం కరెంటు పోయింది. జనరేటరుకు డీజిల్ లేదు. సోమవారానికి లెక్క కావాలి. మేడం తల పట్టుకుంది. పెద్దమ్మ శిబిరానికి పోవడం మానేసి ల్యాబు మెట్ల మీద కూర్చుంది. "తే" అని చెయ్యి చాపింది. నేను ఉత్త ట్యూబుల సంచి ఇచ్చాను. ఎడమ రొండిన దోపుకుంది. చెయ్యి మళ్ళీ చాపింది.

"అవిగూడ తే."

"పెద్దమ్మా, వద్దులే..."

"తే అంటున్న గద."

పసుపు ట్యూబులకు పత్తి చుట్టి, మూతలు బిగించి ఇచ్చాను. ఆమె వాటిని ఒకసారి వెలుతురుకు ఎత్తి చూసింది. కళ్ళు మూసుకుని కుడి రొండిన, కడుపుకు ఆనించి దోపుకుని, పైన అరచెయ్యి అదిమిపెట్టింది. నేను పక్కన కూర్చుని ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను. వీధి చివర ఊరేగింపు పోతోంది, డప్పులు వినబడుతున్నాయి. కాసేపటికి కళ్ళు తెరిచి నా వైపు అనుమానంగా చూసింది.

"ఎడమ దిక్కు, కుడి దిక్కు వేడి ఒక్కతీరే ఉంటదా? ఉండకపోతే మల్ల గదే కత గద. థర్మామీటర్ తే, జూడు."

తెచ్చి చూశాను. చెప్పాను.

"మల్ల జూడు" అంది.

మళ్ళీ చూశాను. రెండు దిక్కులా ఒకటే వేడి.